పిలువలేదన్న అలుకకు రెండు జవాబులు

(న్యాయాధిపతులు 8:1–3, 12:1–6)

"మమ్మును ఎందుకు పిలువలేదు?" అను మాట మన పెండ్లిండ్లలో క్రొత్తది కాదు. ఎఫ్రాయిమీయులు ఈ ఫిర్యాదునే ఇద్దరు న్యాయాధిపతులయొద్దకు తెచ్చిరి.

మిద్యానీయులతో యుద్ధమైనప్పుడు గిద్యోను ఏమనెను? తన వంశపు ద్రాక్షకోతకంటె వారి పరిగెయే మేలనెను; ఓరేబు, జెయేబు అను అధిపతులను దేవుడు వారి చేతికే అప్పగించెననెను. పరిగె ఏరిన చేతులకు ఆ మాటలోని తగ్గింపు తెలియును. ఇది ముఖస్తుతి కాదు, ఆ అధిపతులను పట్టినది నిజముగా వారే. వారి కోపము చల్లారెను. గిద్యోను మెత్తనివాడని తలంపవద్దు. సుక్కోతు పెద్దలను ముండ్లకంపతో శిక్షించినవాడును అతడే.

యెఫ్తాను వారు ఇల్లు కాల్చెదమని బెదిరించిరి, నిజమే. అతడు తాను పిలిచితిననియు, వారు రాలేదనియు, ప్రాణమునకు తెగించి తానే పోయితిననియు చెప్పెను. మాటమాటకు "నేను", "నా". వెంటనే సైన్యమును కూర్చెను. యొర్దాను రేవులయొద్ద "షిబ్బోలెతు" అనలేక "సిబ్బోలెతు" అనినవారిని చంపిరి. ఎఫ్రాయిమీయులలో 42,000 మంది కూలిరి.

తగవు తీర్చుటకు కూర్చుండు పెద్దలు ఈ రెండు భాగములను ముందుగా చదివించి, పిమ్మట ఇరుపక్షములను మాటలాడనియ్యుడి.