పాత రిజిస్టర్ల ప్రతులను శుభ్రపరచుట ఎట్లు?

పంచాయతీ కార్యాలయపు బీరువాలోని తీర్మానముల పుస్తకములు, ఇంటి పన్ను రిజిస్టర్లు, జనన మరణ రిజిస్టర్లు కేవలము పాత కాగితములు కావు. ఒకరి వయస్సు, మరియొకరి పన్ను చెల్లింపు, ఊరుమ్మడి స్థలమును గూర్చిన తీర్మానము వానివలననే ఋజువగును. చెదలు, చెమ్మ వానిని పాడుచేయకముందే స్కాను చేయించుట మంచిది. అయితే అట్లు వచ్చిన ప్రతి పసుపుబారి, మరకలతో, వెనుకవైపు వ్రాత పైకి కనబడుచు ఉండును. ఫోటోలను సవరించు కంప్యూటరు ప్రోగ్రాములతో దీనిని శుభ్రపరచవచ్చును. కాని మరక యేదో, అక్షరమేదో యంత్రమునకు తెలియదు. ఆ విచక్షణ మనమే చూపవలెను.

స్కాను చేయునపుడే సగము పని జరుగును. అంగుళమునకు 300 చుక్కలకు తగ్గకుండ, రంగులలోనే చేయవలెను. పుట వెనుక నల్లకాగితము ఉంచినచో అవతలివైపు వ్రాత అంతగా కనబడదు. ఈ మొదటి ప్రతిని టిఫ్ రూపములో భద్రపరచి, దానిని ముట్టుకొనక, నకలుపైననే పని చేయవలెను. జేపెగ్ రూపములో సవరించి దాచిన ప్రతిసారియు కొంత వివరము పోవుచుండును.

తరువాత వంకర తీసి, అంచులు కత్తిరించవలెను. జింప్ వంటి ఉచిత ప్రోగ్రాములో లెవెల్స్ అను సాధనముతో కాగితమును తెలుపునకును, సిరాను నలుపునకును దగ్గర చేయవచ్చును. రంగుల ప్రతిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు పొరలుండును. ఎరుపు పొరను మాత్రము తీసికొన్నచో పసుపు కాగితము తెల్లగాను, నీలిసిరా నల్లగాను కనబడును. కాని ఎర్రసిరా దిద్దుబాట్లు, ఎర్రని ముద్రలు మాయమగును. అట్టి పుటకు ఆకుపచ్చ పొర వాడవలెను.

చుక్కలను తుడుచు సాధనముతో మరింత జాగ్రత్త అవసరము. 1957లో నయాపైసలు వచ్చిన తరువాతి లెక్కలలో బిందువు పోయినచో రూ. 12.50 కాస్త రూ. 1250 అగును. పూర్తి నలుపు తెలుపులుగా మార్చినపుడు తలకట్టు, వత్తు వంటి సన్నని గీతలే ముందుగా పోవును. చినిగినచోట తామే అక్షరములు పూరించు కొత్త సాధనములను రికార్డులపై వాడనేరాదు. అవి ఉన్నది చూపవు, ఊహించి గీయును.

2013లో జర్మనీలో డేవిడ్ క్రీసెల్ అను కంప్యూటరు శాస్త్రజ్ఞుడు, కొన్ని కార్యాలయ యంత్రములు స్కాను చేసిన పత్రములలో 6 బదులు 8 వచ్చుచున్నదని బయటపెట్టెను. ప్రతి పరిమాణమును తగ్గించుటకై యంత్రము, ఒకే తీరుగ తోచిన అంకెలలో ఒకదాని బొమ్మనే రెండవచోట అతికించుట దీనికి కారణము. తప్పు అంకె స్పష్టముగా ఉన్నందున అనుమానము కలుగుట కష్టము.

కనుక మేము సభ్యులకు సూచించునది ఒక్కటే. ఒకరు అసలు పుటను బిగ్గరగా చదువుచుండగా, మరియొకరు శుభ్రపరచిన ప్రతిలోని పేర్లు, తేదీలు, అంకెలు సరిచూడవలెను. భేదము కనబడినచో అసలే ప్రమాణము. స్కాను అయినది గదా యని పాత పుస్తకములను పారవేయరాదు.