దూబగుంట నేర్పిన పాఠములు



ఒక కోరికతో పదిమంది కూడుట సులభము. ఆ కోరిక తీరిన పిదపను కలిసి యుండుట కష్టము. మద్యపానము, చెరువుల ఆక్రమణము మొదలగు వానిపై పోరాడుటకు నేడు ఊరూర సంఘములు వెలయుచున్నవి. పెక్కు సంఘములు ఒక సభ జరిపి, ఒక వినతిపత్రమిచ్చి మిన్నకుండుచున్నవి. అట్టివారు నెల్లూరు జిల్లాలో 1991-92 సంవత్సరములలో పుట్టిన సారా వ్యతిరేకోద్యమమును శ్రద్ధగా పరిశీలింపవలెను.

1980వ దశకమున ప్రభుత్వము ‘వారుణివాహిని’ యను పేర సారా ప్యాకెట్లను పల్లెపల్లెకును చేర్చెను. కూలివాని సంపాదన ఇల్లు చేరకమునుపే దుకాణము చేరుచుండెను. 1991లో ఆ జిల్లాయందు సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమము సాగెను. పగలెల్ల కష్టించిన స్త్రీలు రాత్రివేళ పలక పట్టిరి. వారి వాచకములోని ‘సీతమ్మ కథ’, సారా వలన చితికిన సంసారమును గూర్చినది. చదివిన వారికది తమ ఇంటి కథయే యని తోచెను. దూబగుంటలో రోశమ్మ మొదలగు స్త్రీలు ఏకమై తమ ఊర సారా అమ్మకమును మాన్పించిరి. ఆ విజయమే ‘ఆడవాళ్ళు ఏకమైతే’ యను పాఠమై ఇతర గ్రామములకు ప్రాకెను.

మొదటి పాఠము: కూడి చదువుట, కూడి మాటలాడుట. అంతవరకు ఎవరి కన్నీరు వారిదే. రాత్రిబడి దానిని అందరి సమస్యగా మార్చెను. నానావృత్తులవారు ఒకచోట కూర్చుండి తమ అనుభవమును తమ భాషలోనే చెప్పుకొనిన అనుభవమంటపమును ఎరిగిన మన పాఠకులకు ఇందలి బలమును వేరుగ చెప్పనక్కరలేదు.

రెండవ పాఠము: కోరిక స్పష్టముగా నుండుట. ‘మా ఊరికి సారా వద్దు’ అను మాట పసివానికిని అర్థమగును. కులభేదము, పార్టీభేదము దానికి అడ్డురాలేదు.

మూడవ పాఠము: మూలమును పట్టుట. స్త్రీలు దుకాణముతో ఆగలేదు. దుకాణము నిలుచుట వేలము వలననే యని గ్రహించి, 1992లో నెల్లూరు చేరి సారా వేలముపాటలను అడ్డుకొనిరి. పాటలు పలుమారులు వాయిదా పడెను. 1993 ఏప్రిల్‌లో ఆ జిల్లాయందును, అదే యేడు అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము అమలులోనికి వచ్చెను.

నాలుగవ పాఠము మిక్కిలి చేదైనది. గెలుపు కడపటి మెట్టు కాదు. 1997లో ఆ నిషేధము సడలింపబడెను. సారా తిరిగి రాకపోయినను ఇతర మద్యము వచ్చెను. ఖజానాకు ఆదాయము తగ్గుట, పొరుగు రాష్ట్రములనుండి దొంగరవాణా జరుగుట, నాటుసారా కాచుట అందుకు కారణములుగా చెప్పబడెను. ఉద్యమము దుకాణమును మూయించినది గాని, ఆ ఆదాయమునకు మారుదారి చూపలేదు. చట్టము వచ్చినదిగదా యని ఊరి కాపలా సడలినచోట దొంగసరకు చొరబడును. చట్టము తలుపు వంటిది. గడియ పెట్టవలసినవారు ఇంటివారే.

ఈ పాఠము గతించినది కాదు. పుస్తకము లేకయే బడికి వచ్చిన బాలుని కారణ మడిగినచో వాడు తల వంచుకొనును. నాన్న కూలి ఏమయ్యెనో వానికి తెలియును, చెప్పుటకు సిగ్గు. ఆ సిగ్గు వానిది కాదు, మనది.

సంఘసభ్యులు కూర్చుండి విచారింపవలసిన ప్రశ్నలు:

1. మన కోరికను ఒక్క వాక్యములో చెప్పగలమా?

2. బాధ ననుభవించువారే మన సభలో మాటలాడుచున్నారా, లేక వారి తరఫున మనమే మాటలాడుచున్నామా?

3. మన సమస్యకు వేలముపాట వంటి మూల మెక్కడ నున్నది?

4. రేపు గెలిచినచో, ఎల్లుండి మన పని యేమి?

నాలుగవ ప్రశ్నకు ఉత్తరము వ్రాసికొనిన పిదపనే మొదటి సభకు చాటింపు వేయుడు.