ఒరిగిన బండి – దాగిన కారణము

చదువవలసిన వాక్యభాగములు: యెహోషువ 7:1–26, కీర్తనలు 139:23–24



యెరికో ప్రాకారములు కూలిన తరువాత ఇశ్రాయేలీయులు హాయి అను చిన్న పట్టణము యెదుట ఓడిపోయిరి. ఓటమి హాయి యొద్ద కనబడెను. దాని కారణము పాళెములోనే, ఒక డేరా మధ్య, మట్టిక్రింద దాగియుండెను. కీడు కనబడు చోటు ఒకటి, అది పుట్టిన చోటు మరియొకటి. ఈ సంగతిని ఈ నెల ఒక పాత కారును బాగుచేయు విధమునుబట్టి నేర్చుకొందము.

1. బండి ఏల ఒరుగును?

ఇంగ్లండు దేశమందలి ఆబింగ్డన్ పట్టణములో 1962 మొదలు 1980 వరకు ఎం.జి.బి. అను చిన్న స్పోర్ట్స్ కారును తయారుచేసిరి. 5 లక్షలకు పైగా బండ్లు అక్కడనుండి వెలువడెను. నేటికిని అనేకులు వాటిని భద్రపరచి నడుపుకొనుచున్నారు. దాని ముందు చక్రములకు చుట్టల స్ప్రింగులున్నవి. వెనుక మాత్రము మన లారీలకున్నట్టే, ఇరుసునకు ఇరుప్రక్కల కమాను కట్టలున్నవి. విల్లువలె వంచిన ఉక్కు పట్టీలను ఒకదానిపై నొకటి పేర్చి బిగించినదే కమాను కట్ట.

ఏండ్లు గడచినకొలది ఆ విల్లు వంపు తగ్గును. ఆ దేశములో స్టీరింగు కుడిప్రక్క నుండును గనుక, డ్రైవరు ఒక్కడే ఎక్కువగా తిరిగిన బండిలో కుడిప్రక్క ఎక్కువ బరువు మోసియుండును. ఒకనాడు యజమాని వెనుకనుండి చూడగా బండి ఒక ప్రక్కకు ఒరిగియుండును. ఇది చూపునకు మాత్రమే లోపము కాదు. గుంతలో పడినప్పుడు టైరు మడ్గార్డునకు రాచుకొనవచ్చును. మలుపులలో బండి నిలుకడ తప్పవచ్చును.

2. ముందు కొలత, తరువాత తీర్పు

క్రుంగిన ప్రక్కను చూడగానే ఆ ప్రక్క కమానునే మార్చవలెనని తోచును. తెలిసిన పనివాడు అట్లు తొందరపడడు. మొదట నాలుగు టైర్లు ఒకే కొలతవా, గాలి సరిగా నున్నదా అని చూచును. డిక్కీలోని సామాను తీసివేయును. రసమట్టముతో నేల చదునుగా నున్నదని రూఢిచేసికొని, బండిని ముందుకు వెనుకకు నెట్టి, స్ప్రింగులు తమ స్థానమునకు వచ్చునట్లు చేయును. అప్పుడు చక్రము నడిబొడ్డునుండి మడ్గార్డు అంచువరకు ఇరుప్రక్కలను కొలుచును. అట్లు కొలిచినయెడల టైరు అరుగుదల ఆ లెక్కలోనికి రాదు.

తరువాత బండి ముందుభాగమును సరిగా మధ్యచోట జాకీమీద ఎత్తును. ఇప్పుడు ముందు స్ప్రింగులు బండిని ఏ ప్రక్కకును ఒరగనియ్యలేవు. వెనుకభాగము చక్కబడినయెడల లోపము ముందు స్ప్రింగులలో నున్నది. వెనుక కమాను నిర్దోషి! ఇంకను ఒరిగియున్నయెడల లోపము వెనుకనే యున్నది. అప్పుడు వెనుక కమానులను ఇటుది అటు, అటుది ఇటు మార్చి చూడవచ్చును. ఒరుగుట కమానుతోకూడ ప్రక్క మారినయెడల తప్పు కమానుది; మారనియెడల కమాను తగిలించిన చోటును గాని బాడీని గాని పరీక్షింపవలెను.

యెహోషువ కాలములో దేవుడు నడిపించిన పరీక్షయు ఇట్లే వరుసగా జరిగెను: మొదట గోత్రము, తరువాత వంశము, తరువాత కుటుంబము, తుదకు ఒక మనుష్యుడు. ఎవనిమీదను ఊహనుబట్టి నింద మోపబడలేదు.

3. రంగు క్రింది త్రుప్పు

ఇంగ్లండులో చలికాలమందు మంచు కరుగుటకై రోడ్లమీద ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పు నీరు బండి అడుగున చేరి ఇనుమును తినివేయును. కమాను ముందు కొన తగిలించు చోటు పైకి రంగుతో నిగనిగలాడుచున్నను, లోపల పెచ్చులుగా రాలిపోవుచుండవచ్చును. అట్టి చోట క్రొత్త కమాను బిగించినను ఫలమేమి? కొందరు ఎత్తుగా నున్న ప్రక్క ఇరుసునకును కమానునకును నడుమ ఒక దిమ్మెను పెట్టి ఎత్తు సరిచేయుదురు. కొలబద్దకు బండి చక్కగా కనబడును. విరిగిన పట్టీ విరిగియే యుండును, త్రుప్పు తినుచునే యుండును. ఆకాను తాను తీసికొనిన వస్త్రమును, వెండిని, బంగారమును మట్టితో కప్పెను. కప్పినంతమాత్రమున పాళెము బాగుపడలేదు.

4. బాగుచేయు విధము

కమానులు మార్చవలసివచ్చినప్పుడు ఒక్క ప్రక్కనే మార్చరు. రెండును కలిపి మార్చుదురు. క్రొత్తది ఒక ప్రక్క, అలసినది ఒక ప్రక్క నుండిన బండి మరల ఒరుగును. రెండును ఒకే జాతివై యుండవలెను. 1965లో వచ్చిన జీటీ అను కప్పుగల బండి ఎక్కువ బరువుది గనుక దాని కమానులు వేరు. 1974లో అమెరికా బంపరు నిబంధనలనుబట్టి బండి ఎత్తు పెంచిరి గనుక అప్పటినుండి వచ్చినవియు వేరు.

మరియొక సంగతి. కమాను కొనలలో రబ్బరు బుష్షులున్నవి. బండి స్టాండులమీద, చక్రములు వ్రేలాడుచుండగా వాటి బోల్టులను గట్టిగా బిగింపరాదు. అట్లు బిగించినయెడల బండి దిగగానే రబ్బరు మెలిపడి, ఎత్తు తప్పుగా చూపి, త్వరలో చినిగిపోవును. చక్రములు నేలను ఆని, బండి తన బరువును తాను మోయుచుండగా కడపటి బిగింపు చేయవలెను. కొన్ని దినములు నడిపిన తరువాత మరల కొలువవలెను. జాకీని మాత్రమే నమ్మి ఎవడును బండిక్రిందికి పోకూడదు.

5. మన సంఘములో

మన సంఘములలో ఒక కుటుంబము ఆరాధనకు రాక వెనుకబడును. ఒక సహోదరుడు త్రాగుడులో పడును. క్రుంగిన మూల అందరికిని కనబడును గనుక నింద అక్కడనే మోపుదుము. అయితే అప్పుల బాధయో, పంచలో మనమాడిన కఠినమైన మాటయో, కానుక తేలేదని పొందిన అవమానమో ఆ క్రుంగుటకు కారణమై యుండవచ్చును గదా? బహుశః లోపము ముందు వరుసలో కూర్చుండు మనయందే యున్నదేమో! అతనిచేత క్షమాపణ చెప్పించి చేతులు కలిపించుట దిమ్మె పెట్టుటవంటిది. సమాధానము ఇరుప్రక్కలను జరుగవలెను.

ఉజ్జీవ కూటములలో, ఇంటి భారము భుజములమీద లేనప్పుడు, మనము గొప్ప తీర్మానములు చేసికొందుము. మంచిదే. గాని ఆ బోల్టు ఇంటివద్ద, అప్పు, వ్యాధి, కోపము అనువాటి బరువు మీదనున్నప్పుడు మరల బిగింపబడవలెను. లేనియెడల కోతకాలమునకే సడలిపోవును.

ఆకాను దోషము బయలుపడినప్పుడు యెహోషువ అతనిని కుమారుడా అని పిలిచెను. దోషమును వెదకువానికి అట్టి హృదయము కావలెను. అయితే ఇతరులను వెదకకముందు, కీర్తనకారునివలె, మనలను పరిశోధింపుమని దేవుని వేడుకొందము.

ధ్యానమునకు ప్రశ్నలు

1. మన సంఘములో ఎవరిమీదనైనను కొలువకయే తీర్పు తీర్చితిమా?
2. మన యింటిలో దిమ్మె పెట్టి కప్పిన లోపమేది?
3. గత కూటములలో చేసిన ఏ తీర్మానమును నేడు మరల బిగింపవలెను?