స్క్రీన్ చూపించమంటే తాళంచెవి అడిగినట్టే
(నకిలీ కస్టమర్ కేర్ మోసాలపై ఒక పాఠం)



నిరుడు మా మహల్లాలో ఒక పెద్దాయన ఇంట్లో వాషింగ్ మెషీన్ చెడిపోయింది. ఆయన రిటైరైన ఉపాధ్యాయుడు, ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి. ఫోన్‌లో కస్టమర్ కేర్ అని వెతికి, ముందు కనిపించిన నంబరుకు ఫోన్ చేశారు. అవతలి గొంతు ఎంతో మర్యాదగా పలికింది.

“మెకానిక్ రేపు పొద్దున్నే వస్తాడు అంకుల్. రిజిస్ట్రేషన్‌కు పది రూపాయలే. ఒక చిన్న యాప్ ఎక్కించుకోండి.”

“నాకివన్నీ తెలియవు బాబూ.”

“అందుకే కదా అంకుల్ నేనున్నది! అందులో కొన్ని అంకెలు కనిపిస్తాయి, అవి చదవండి చాలు.”

చదివారు. పావుగంటలో హజ్ కోసం కూడబెట్టుకున్న సొమ్ములో చాలా భాగం పోయింది. అంతకన్నా బాధాకరమైన విషయం మరొకటుంది. మూడు రోజుల వరకు ఆయన ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. “ఊరందరి పిల్లలకు లెక్కలు నేర్పినవాణ్ణి, ఏ ముఖం పెట్టుకుని కొడుకుతో చెప్పను?” అన్నారు తర్వాత. దొంగలకు కావలసింది సరిగ్గా ఆ మూడు రోజులే.

అందుకే ఈ పాఠంలో రెండు విషయాలు చెప్పుకుందాం. ఈ మోసం ఎలా జరుగుతుంది? జరిగితే మొదటి గంటలో ఏం చేయాలి?

మోసం వేసే వేషాలు

మొదటిది, ఇప్పుడు చెప్పుకున్న నకిలీ నంబరు. బ్యాంకులు, కొరియర్లు, గ్యాస్, ఇంటి సామాన్ల కంపెనీల పేర్లతో దొంగలు తమ నంబర్లను ఇంటర్నెట్‌లో పెట్టి ఉంచుతారు. మనం వెతికి వెతికి వాళ్లకే ఫోన్ చేస్తాం. ఫోన్ చేసింది మనమే కాబట్టి అనుమానం రాదు.

రెండవది, కంప్యూటర్ తెరపై వచ్చే బెదిరింపు. ఏదో వెబ్‌సైటు చూస్తుండగా తెర నిండా ఎర్రటి హెచ్చరిక పడుతుంది, పెద్దగా సైరన్ మోగుతుంది. ‘మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఆపివేయకండి, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని ఉంటుంది. మైక్రోసాఫ్ట్ సంస్థ తన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఇవ్వదు. తనంతట తాను ఫోన్ చేసి మీ కంప్యూటర్ బాగుచేస్తాననీ అనదు. అది కేవలం ఒక వెబ్ పేజీ. ఆల్ట్, ఎఫ్-4 మీటలు కలిపి నొక్కండి. పోకపోతే పవర్ బటన్ కాసేపు నొక్కిపట్టి ఆపేయండి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు తెరవమంటారా అని అడిగితే వద్దనండి.

ఆ నంబరుకు ఫోన్ చేసినవారికి దొంగ మరో మాయ చూపిస్తాడు. కంప్యూటర్‌లోనే ఉండే ‘ఈవెంట్ వ్యూయర్’ తెరిపించి, అందులోని ఎర్ర గుర్తులన్నీ వైరస్‌లేనని నమ్మిస్తాడు. నిజానికి చక్కగా పనిచేస్తున్న కంప్యూటర్‌లో కూడా అలాంటి గుర్తులు ఉంటాయి.

మూడవది, వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు. అది ఎక్కించుకుని, అడిగిన అనుమతులన్నీ ఇస్తే మనకొచ్చే ఓటీపీ సందేశాలను అదే చదివి దొంగకు చేరవేయగలదు.

తాళంచెవి ఎక్కడుంది?

ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ వంటివి దొంగ యాప్‌లు కావు. దూరాన ఉన్న కంప్యూటర్‌ను బాగుచేయడానికి ఆఫీసుల్లో నిపుణులు వాడే సాధనాలే. కానీ అందులో కనిపించే అంకెలు చెప్పి, అనుమతి నొక్కితే, మన తెరపై కనిపించేదంతా అవతలివాడికీ కనిపిస్తుంది. ఓటీపీ మనం నోటితో చెప్పకపోయినా వాడు చూసేస్తాడు. ఈ యాప్‌ల దుర్వినియోగం గురించి రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది.

ఇంకో ఎత్తు ఉంది. “టోకెన్ నంబరు 49820 ఆ గడిలో వేయండి” అంటాడు. ఆ గడి టోకెన్‌ది కాదు, పంపే మొత్తానిది. తర్వాత “రీఫండ్ రావాలంటే పిన్ కొట్టండి” అంటాడు. గుర్తుంచుకోండి: యూపీఐ పిన్ డబ్బు ఇవ్వడానికే, తీసుకోవడానికి అక్కర్లేదు.

వేషం ఏదైనా గుర్తులు ఒకటే. తొందరపెడతాడు, ఫోన్ పెట్టేయనివ్వడు, ఇంట్లో ఎవరినీ అడగనివ్వడు. నిజమైన కంపెనీకి ఈ మూడింటితో పనిలేదు. వారి నంబరు కావాలంటే బిల్లు మీద, వారంటీ కార్డు మీద, బ్యాంకు కార్డు వెనక చూసుకోండి.

మొదటి గంటలో చేయవలసినవి

1. ఫోన్ పెట్టేసి, వెంటనే ఇంటర్నెట్ ఆపండి. ఫ్లైట్ మోడ్ పెట్టినా చాలు.

2. మరొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు, నెట్ బ్యాంకింగ్, యూపీఐ నిలిపివేయించండి. ఫిర్యాదు నంబరు రాసుకోండి.

3. 1930కి ఫోన్ చేయండి. ఇది సైబర్ ఆర్థిక మోసాలకు దేశమంతటికీ ఉన్న నంబరు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. పోయిన డబ్బు ఖాతా నుంచి ఖాతాకు పరుగెత్తుతూ ఉంటుంది. ఎవరో దాన్ని తీసుకునేలోగా సమాచారం అందితే ఆపగలరు.

4. సందేశాలు, కాల్ వివరాలు చెరిపేయకండి. అవే సాక్ష్యాలు.

5. ఆ యాప్ తీసేసి, మరో ఫోన్ నుంచి పాస్‌వర్డులన్నీ మార్చండి. ఏపీకే ఎక్కించి ఉంటే తెలిసినవారి చేత ఫోన్‌ను పూర్తిగా రీసెట్ చేయించండి.

6. “పోయిన డబ్బు తెప్పిస్తాం, ఫీజు కట్టండి” అంటూ వచ్చేవాడు రెండో దొంగ.

తొందర ఎందుకంటే, రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఖాతాదారు తానే వివరాలు చెప్పడం వల్ల డబ్బు పోతే, బ్యాంకుకు తెలిపేవరకు జరిగిన నష్టం అతనిదే. తెలిపిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుది. సిగ్గుపడి ఊరుకున్న ప్రతి గంట మన లెక్కలోనే పడుతుంది.

ఇంట్లోవారికి, యువతకు

పెద్దలను “అంత చదువుకుని ఇదేం పని?” అని నిలదీయకండి. వారు మోసపోయింది తెలివి లేక కాదు, మర్యాదగా మాట్లాడినవాణ్ణి నమ్మే మంచి అలవాటు వల్ల. తిడతారన్న భయం ఉంటే ఈసారీ చెప్పరు, మరోసారీ చెప్పరు. “అబ్బా, ఏం జరిగినా ముందు నాకు చెప్పండి, నేనేమీ అనను” అని ఈ రోజే చెప్పండి. దూరదేశాల్లో ఉన్న పిల్లలు ఈ మాట ఫోన్‌లోనైనా చెప్పవచ్చు.

యువకులారా, ఆ మర్యాద గొంతు కూడా ఎవరో ఒక ఇంటి బిడ్డదే. 2023 అక్టోబరులో సీబీఐ ‘ఆపరేషన్ చక్ర-2’ పేరుతో జరిపిన సోదాల్లో, టెక్ సపోర్ట్ పేరిట విదేశీయులను దోచిన కాల్ సెంటర్ల కేసులు కూడా ఉన్నాయి. జీతం బాగుందని ఆ కుర్చీలో కూర్చోకండి. కమీషన్ ఇస్తామంటే మీ బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు ఎవరికీ అప్పగించకండి. దోచిన సొమ్ము మీ ఖాతాలో పడితే పోలీసులు ముందుగా వచ్చేది మీ ఇంటికే. ఇతరుల వేషంలో కంప్యూటర్ ద్వారా మోసం చేస్తే ఐటీ చట్టం 66-డి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఒకరి హజ్ సొమ్ము, మరొకరి కూతురి పెళ్లి సొమ్ము దోచి తెచ్చిన కూడు ఏ ఇంటికీ బరకత్ తేదు.

ఆ పెద్దాయన సొమ్ములో ఎక్కువ భాగం తిరిగి రాలేదు. కానీ ఇప్పుడు ఆయన తన ఫోన్ కవరు మీద 1930 అని పెద్ద అంకెలతో రాసుకున్నారు. ఎవరైనా అదేమిటని అడిగితే సిగ్గుపడకుండా మొత్తం కథ చెబుతారు. ఆయన చెప్పబట్టే ఈ పాఠం రాయగలిగాను. మీరు కూడా ఈ రోజు మీ ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి.

మనందరి కష్టార్జితాన్ని అల్లాహ్ కాపాడుగాక. ఆమీన్.