ఇంగ్లీషు పాఠము: ‘రైట్ ఆఫ్’ అనగా మాఫీ కాదు

మన యిండ్లలో మాట తెలుగు. బజారులో మాత్రము షోలాపురమువారికి మరాఠీ, సేలమువారికి అరవము, బళ్ళారివారికి కన్నడము, బరంపురమువారికి ఒడియా. కాని బ్యాంకు కాగితములు ఎక్కడనైనను తరచు ఇంగ్లీషులోనే వచ్చుచున్నవి. అందులోని ‘రైట్ ఆఫ్’ అను జంటమాటను పొరపాటుగా గ్రహించిన యెడల ఇల్లు గుల్ల కాగలదు. కనుక దీనిని ఈమారు పాఠముగా తీసికొనుచున్నాము.

‘రైట్’ అనగా వ్రాయుట, ‘ఆఫ్’ అనగా తొలగుట. రెండును కలిసినప్పుడు, ‘ఇక రాదని యెంచి లెక్కలలో నుండి తీసివేయుట’ అను అర్థము వచ్చును.

1. సరకు విషయములో: ఒక సంఘములో 40,000 రూపాయలు ఖర్చు పడిన పాత డిజైను చీరలు అమ్ముడు పోక నిలిచినవి అనుకొందము. నేడు వానికి 25,000 మాత్రమే వచ్చునని తేలినది. మిగిలిన 15,000 నష్టముగా వ్రాసికొనుటను ‘రైట్ ఆఫ్’ అందురు. మగ్గములు, సామాను అరుగుదలకు ఏటేట కొంత తగ్గించి వ్రాయుటకును ఈ మాటయే వాడుదురు.

2. బాకీ విషయములో: ముఖ్యమైనది ఇదియే. బ్యాంకువారు మొండి బాకీని తమ ఆస్తుల లెక్కలో నుండి తీసివేసినప్పుడు ‘ది లోన్ వాజ్ రిటెన్ ఆఫ్’ అని వ్రాయుదురు. ఇది వారి ఆవర్జాలో జరిగిన మార్పు మాత్రమే. ఋణస్థుని బాకీ అట్లే నిలిచియుండును. రిజర్వు బ్యాంకు 2023 జూన్ 8వ తేదీన విడుదల చేసిన ఉత్తరువులో ఈ సంగతి స్పష్టముగానున్నది: ‘టెక్నికల్ రైట్ ఆఫ్’ లెక్కల కొరకు మాత్రమే, దానివలన ఋణస్థునిపై గల హక్కును బ్యాంకు వదలుకొన్నట్లు కాదు. అట్టి బాకీకి నోటీసు రావచ్చును, దావా పడవచ్చును. జామీను పడినవారును తప్పించుకొనలేరు. పైగా సిబిల్ వంటి సంస్థల రికార్డులో ‘రిటెన్ ఆఫ్’ అని కనబడినచో క్రొత్త అప్పు పుట్టుట కష్టము.

మరి మాఫీకి ఇంగ్లీషు మాట యేది? ‘వెయివ్’. నామవాచకము ‘వెయివర్’. మరాఠీలో కర్జమాఫీ, కన్నడములో సాల మన్నా అనునది ఇదియే. అరవములో తళ్ళుపడి అందురు గాని, దీపావళి అమ్మకములలో ఇచ్చు రిబేటుకును ఆ మాటయే గనుక, ఏది చెప్పుచున్నారో చూచుకొనవలెను. 2011-12 కేంద్ర బడ్జెటులో చేనేత సంఘముల, నేతగాండ్ర బాకీల భారము తీర్చుటకు నాబార్డు ద్వారా 3,000 కోట్ల రూపాయలు ప్రతిపాదించినారు. అది ఋణ విమోచన పథకము. రైట్ ఆఫ్ కాదు.

పత్రికలలో ‘వెయివ్ ఆఫ్’ అని కనబడుచుండును. అది ఈ రెండు మాటల కలగాపులగము. సరియైన వాడుక ‘వెయివ్’ మాత్రమే.

3. బండి విషయములో: ప్రమాదములో బాగు చేయ వీలులేనంతగా చెడిన వాహనమును ‘ఎ రైట్-ఆఫ్’ అందురు. ఇక్కడ ఇది నామవాచకము. నడుమ అడ్డగీత వ్రాయుదురు.

4. మనుష్యుల విషయములో: ఇక పనికిరాడని త్రోసివేయుట. ‘డోంట్ రైట్ హిమ్ ఆఫ్’ అనగా అతనిని తీసిపారవేయకుడు అని. మరమగ్గము వచ్చిన నాటి నుండి చేనేతను రైట్ ఆఫ్ చేసినవారు ఎందరో. అయినను 2019-20 నాటి నాలుగవ అఖిల భారత చేనేత గణనలో 35 లక్షలకు పైగా నేతవారును, అనుబంధ పనివారును తేలినారు.

వ్యాకరణము: నామవాచకమైనచో ‘రైట్ ఆఫ్ ది లోన్’, ‘రైట్ ది లోన్ ఆఫ్’ రెండును ఒప్పు. సర్వనామమైనచో నడుమనే రావలెను: ‘రైట్ ఇట్ ఆఫ్’ ఒప్పు, ‘రైట్ ఆఫ్ ఇట్’ తప్పు.

సభ్యులకు సూచన: బాకీ ‘రైట్ ఆఫ్’ అయినదని ఎవరైన చెప్పినచో, ‘మాఫీ అయినదా? ఇంకను ఎంత చెల్లవలెను?’ అని బ్యాంకును వ్రాతమూలకముగా అడుగుడు. రాజీకి వచ్చినచో ఎంత కట్టవలెనో, ఎంత వదలిరో కాగితముపై వ్రాయించుకొనుడు. సొమ్ము కట్టిన పిమ్మట ‘నో డ్యూస్’ సర్టిఫికేటు తీసికొని భద్రపరచుడు.

అభ్యాసము: తెలుగులో చెప్పుడు.
(అ) ది బ్యాంక్ రోట్ ఆఫ్ ది లోన్.
(ఆ) ది బ్యాంక్ వెయివ్‌డ్ ది ఇంటరెస్ట్.

జవాబులు: (అ) బ్యాంకు ఆ ఋణమును తన లెక్కలలో నుండి తీసివేసినది, బాకీ మాత్రము నిలిచియున్నది. (ఆ) బ్యాంకు వడ్డీని మాఫీ చేసినది, అసలు కట్టవలెను.

ఇంటిలో చదువుకొను పిల్లలచేత ఈ రెండు వాక్యములను పెద్దలకు చదివి వినిపింపజేయ ప్రార్థన.