నగరమే కథానాయకుడు

చలనచిత్రములకు ఇంకను మాటలు రాని కాలమున, కథయు నటులును లేకయే చిత్రము నిర్మింపవచ్చునని కొందరు తలంచిరి. 1927లో వాల్టర్ రుట్మన్ బెర్లిన్ నగరమున ఒక దినమును చిత్రించెను. తెల్లవారుజామున రైలు నగరము చేరును, నిర్జనవీథులు మేల్కొనును, యంత్రములు కదలును, రాత్రి దీపకాంతులతో దినము ముగియును.

1929లో సోవియట్ దర్శకుడు జీగా వెర్టోవ్ ‘కెమెరా చేబూనిన మనిషి’ యను చిత్రమును వెలువరించెను. మాస్కో, కీవ్, ఖార్కివ్, ఒడెస్సాలలో తీసిన దృశ్యములు ఇందు ఒకే నగరమువలె కలిసిపోయినవి. ఛాయాగ్రాహకుడు ఆయన సోదరుడు మిఖాయిల్ కౌఫ్‌మన్. కూర్పరి ఆయన భార్య ఎలిజవేటా స్విలోవా.

ఒకచోట పరుగిడు గుఱ్ఱము చటుక్కున నిలిచిపోవును. పిదప ఫిల్ము ముక్కలను ఏరి యతుకుచున్న స్విలోవాయే తెరపై కనిపించును. మనము చూచునది ఒకరు ఎంచి కూర్చిన లోకమని వెర్టోవ్ దాచక తెలిపెను.

ప్రసిద్ధ దర్శకుడు ఐసెన్‌స్టీన్ దీనిని కెమెరా అల్లరియని యెగతాళి చేసెను. అయినను 2014లో ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక విమర్శకుల అభిప్రాయములను సేకరింపగా, వాస్తవచిత్రములలో దీనికే ప్రథమస్థానము లభించినది.

కావున ఏ చిత్రమును చూచినను, దానిని కూర్చిన చేయి ఎవరిదని విచారింపవలెను. కన్నులతోపాటు వివేకమును తెరచియుంచుటయే నిజమైన చూపు.