పారిశ్రామిక రోబోలు: యూనిమేట్ నుంచి పెనుకొండ దాకా

ప్రపంచంలో తొలి పారిశ్రామిక రోబో యూనిమేట్. 1961లో అమెరికాలోని న్యూజెర్సీలో జనరల్ మోటార్స్ కర్మాగారంలో పనిలోకి దిగింది. అచ్చుల్లోంచి వచ్చే కాలే లోహపు భాగాలను తీయడం దాని పని. మనుషుల చేతులు కాలే చోటే రోబో మొదలైందన్న సంగతి గుర్తుంచుకోదగ్గది. పేటెంటు జార్జ్ డెవోల్‌ది. దాన్ని పరిశ్రమల్లోకి తెచ్చిన జోసెఫ్ ఎంగెల్‌బర్గర్‌ను ‘రోబోటిక్స్ పితామహుడు’ అంటారు.

నేటి ప్రధాన సంస్థలు: ఫానుక్, యస్కావా (జపాన్), ఏబీబీ (స్విట్జర్లాండ్), కూకా (జర్మనీ). కూకాను చైనా సంస్థ మిడియా చేజిక్కించుకుంది. కూకా–మిడియా జత పరీక్షల్లో తరచూ తికమక పెడుతుంది.

పరీక్షలు రాసే అభ్యర్థులు సాధారణంగా వదిలేసే అంశం రోబోల నిర్వహణ. రోబో చేతికి మామూలుగా ఆరు అక్షాలు ఉంటాయి. ఒక్కో కీలులో సర్వో మోటారు, వేగం తగ్గించే గేర్లు, స్థానం చెప్పే ఎన్‌కోడర్ ఉంటాయి. గేర్లకు గ్రీజు, ఎన్‌కోడర్లకు బ్యాటరీ వేళకు మార్చాలి. చాలా రోబోల్లో కరెంటు లేనప్పుడు బ్యాటరీ కూడా అయిపోతే, యంత్రం తన సున్నా స్థానాన్ని మరిచిపోతుంది. అప్పుడు ప్రతి అక్షాన్నీ మళ్లీ సరిచూసి స్థానం నమోదు చేయాల్సిందే. అందాకా లైను ఆగుతుంది. అందుకే రోబోలను నిర్వహించే సాంకేతిక నిపుణులకు అంత విలువ.

రోబోల భద్రతా ప్రమాణం ఐఎస్ఓ 10218. మన దగ్గర రోబోల వాడకానికి ఉదాహరణ కావాలంటే, పెనుకొండ వద్ద కియా కార్ల కర్మాగారంలో బాడీ వెల్డింగు పని రోబోలదే.